ముందు వాగు, తర్వాత గీత: టోపోషీట్ చదవడం ఎలా

హోస్ట్: నమస్తే అండీ. ఈసారి టోపోషీట్, అంటే కొండలు, వాగులు, దారులు, ఎత్తుపల్లాలు చూపించే మ్యాప్. చాలామంది షీటు విప్పగానే ఆ గోధుమరంగు కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు, చూసి బెదిరిపోతారు. మేడం, మొదలు ఎక్కడ పెట్టాలి?

మేడం: గీతల జోలికి పోకండి. ముందు నీళ్ళు చూడండి. వాగులు, చెరువులు, కాలువలు. నీళ్ళు ఎటు పారుతున్నాయో పట్టుకుంటే ఎటు ఎత్తు, ఎటు పల్లం అన్నది సగం తేలిపోయినట్టే. కాంటూరుతో మొదలుపెట్టినవాళ్ళు గుట్టను గుంట అనుకోవడం మామూలే.

హోస్ట్: భువనగిరి షీటు పెట్టుకుని చెప్పండి. అసలు అది ఏ నంబరు షీటో ఎలా తెలుస్తుంది?

మేడం: 56కె/14. 56 అంటే నాలుగు డిగ్రీల చదరం. తూర్పు రేఖాంశం 76 నుంచి 80, ఉత్తర అక్షాంశం 16 నుంచి 20. దాన్ని డిగ్రీ చొప్పున 16 ముక్కలు చేసి ఏ నుంచి పీ దాకా అక్షరాలిచ్చారు. అక్షరాలు పైనుంచి కిందికి దిగుతాయి, ఆ తర్వాత పక్క వరసకు పోతాయి. అడ్డంగా లెక్కపెట్టారా, వేరే జిల్లా షీటు చేతికొస్తుంది. భువనగిరి పడే కె ముక్కను మళ్ళీ 15 నిమిషాల (పావు డిగ్రీ) చొప్పున 16 చేస్తే ఒక్కోటీ 1:50,000 షీటు, అంటే నేల మీది దూరం యాభై వేల వంతుకు కుదించింది. చార్మినార్ 56కె/7లో పడుతుంది. భువనగిరి దాదాపు 17°30′ గీత దగ్గరే ఉంది కాబట్టి 14వ షీటు అడుగు అంచున దొరుకుతుంది. దక్షిణం వైపు నడవాలంటే 15 కూడా తీసుకోవాల్సిందే.

హోస్ట్: అంచు మీద ఉన్న ఊళ్ళతో ఎప్పుడూ ఇదే తంటా. సరే, నీళ్ళు అన్నారు.

మేడం: షీటు మీద ట్రేసింగ్ పేపరు పరిచి వాగులు మాత్రం గీయండి. మన దేశ మ్యాపులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో నీలం అంటే నీళ్ళున్నట్టు, నల్లగీత అంటే ఏడాదిలో చాలాకాలం ఎండిపోయే వాగు. నల్లగీతను చూసుకుని "దారిలో వాగుంది, బాటిళ్ళు అక్కడ నింపుకుందాం" అంటే గొంతెండుతుంది. ఇక మన దక్కన్‌లో చెరువు పెద్ద ఆసరా. కట్ట మీద చిన్న చిన్న పళ్ళలాంటి గీతలుంటాయి. వాగు చెరువులోకి ఒకవైపు దిగుతుంది, కట్ట ఎప్పుడూ పల్లం వైపే. అలుగు దాటిన నీళ్ళు కింది చెరువుకు పోతాయి. అలా గొలుసు పట్టుకుని మూడు చెరువులు దిగితే ఆ ప్రాంతం వాలు మొత్తం తెలిసిపోతుంది. కట్ట పక్కన "3ఆర్" అని కనిపిస్తే చుట్టూ నేల కన్నా 3 మీటర్ల ఎత్తు అని. సముద్రమట్టం నుంచి కాదు.

హోస్ట్: అది చాలామంది తికమక పడే చోటు. ఇప్పుడు కాంటూరుకు వద్దామా?

మేడం: రండి. 1:50,000 షీటులో రెండు గీతల మధ్య మామూలుగా 20 మీటర్లు. ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది, అంటే లావు గీత నుంచి లావు గీతకు 100 మీటర్లు. అయినా అంతరం ఎంతో మార్జిన్‌లో రాసి ఉంటుంది, అది చదివాకే లెక్క. ఇందాక గీసిన వాగును కాంటూరు దాటే చోట వీ ఆకారంలో వంగుతుంది. దాని మొన ఎగువకు చూస్తుంది. వాగు లేకుండా మొన పల్లం వైపు చూస్తే అది గుట్ట దిగే వెన్ను.

హోస్ట్: నిటారు ఎంతో కళ్ళతో చెప్పగలమా?

మేడం: స్కేలుతో చెప్పొచ్చు. షీటు మీద 1 మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. గీతల మధ్య 2 మిల్లీమీటర్లుంటే 100 మీటర్ల దూరంలో 20 మీటర్ల ఎక్కుడు, సుమారు 11 డిగ్రీలు. ఆయాసపడుతూ నడిచేయొచ్చు. 1 మిల్లీమీటరైతే 22 డిగ్రీలు. అర మిల్లీమీటరైతే 39 డిగ్రీలకు దగ్గర. ఆ వాలులో బండ ఉంటే మామూలు నడక కాదు. భువనగిరి కోట బండ ఉంది కదా, చుట్టూ నేల కన్నా 150 మీటర్లకు పైగా లేచిన ఒంటి బండ. ఆ ఏడెనిమిది గీతలూ ఇరుకు జాగాలో ముద్దగా కలిసిపోతాయి. లావు గీత మీది అంకె పట్టుకుంటే తప్ప ఒక్కోదాన్నీ లెక్కపెట్టలేరు.

హోస్ట్: కానీ గీతలు దూరంగా ఉంటే చదును అనేసుకోవచ్చా?

మేడం: కూడదు. రెండు గీతల మధ్య 18 మీటర్ల బండ నిలబడి ఉన్నా 20 మీటర్ల షీటులో దానికి గీత పడకపోవచ్చు. మన గుట్టల్లో అలాంటివి చాలా. అందుకే రాతి నేల గుర్తులు, చుక్క పక్కన రాసిన ఎత్తులు చూడాలి. త్రిభుజం ఉంటే అది త్రికోణమితి సర్వే స్టేషన్, అంటే సర్వేవాళ్ళు కొలతలకు ఆధారంగా పెట్టుకున్న చోటు.

హోస్ట్: చోటును అంకెల్లో చెప్పడం?

మేడం: గ్రిడ్ గడి 1 కిలోమీటరు, షీటు మీద 2 సెంటీమీటర్లు. ముందు అడుగున ఉన్న తూర్పు అంకెలు, తర్వాత పక్కనున్న ఉత్తర అంకెలు. గడిని పదిగా ఊహించుకుంటే ఒక్కో భాగం 2 మిల్లీమీటర్లు, 100 మీటర్లు. తూర్పుకు గీత మీది రెండంకెలు, పదో వంతు ఒక అంకె, ఉత్తరానికి అలాగే మూడు. అలా ఆరంకెలు. తారుమారు చేస్తే మనిషి ఇంకో గుట్ట మీద వెతుకుతాడు.

హోస్ట్: ఫోన్ జీపీఎస్ చెప్పే చోటు షీటులో కుదరట్లేదనే ఫిర్యాదు ఒకటుంది.

మేడం: షీటు పాతదై ఉంటుంది. భూమి ఆకారాన్ని లెక్కగట్టే పద్ధతులు రెండు: పాతవి ఎవరెస్ట్ దీర్ఘగోళం లెక్క, ఫోన్‌ది డబ్ల్యూజీఎస్84 లెక్క. మన వైపు వంద మీటర్లకు పైనే తేడా రావచ్చు. 2005 మ్యాప్ పాలసీ తర్వాత అందరికీ ఇవ్వడానికి వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్84లోనే ఉన్నాయి. సర్వే చేసిన ఏడాది కూడా మార్జిన్‌లో చూడండి. మల్లన్నసాగర్ రిజర్వాయరులో మునిగిన ఊళ్ళు పాత షీట్లో ఇంకా నిక్షేపంగా ఉంటాయి.

హోస్ట్: దిక్సూచి ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా మనకు పెద్దగా లెక్కలోకి రాదు కదా?

మేడం: మన దగ్గర సుమారు ఒక డిగ్రీయే, నడకకు వదిలేయొచ్చు. అదే అలవాటుతో సియాటెల్ వైపు కొండలెక్కే మనవాళ్ళు మాత్రం జాగ్రత్త. అక్కడ అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి దాదాపు 15 డిగ్రీలు తూర్పున ఉంటుంది. సరిచేయకుండా కిలోమీటరు నడిస్తే 260 మీటర్లు పక్కకు పోతారు. అక్కడి షీట్లు 1:24,000, కాంటూరు అడుగుల్లో. ఇక్కడి 20 మీటర్ల లెక్క అక్కడ పనికిరాదు.

హోస్ట్: ఇంట్లో ప్రింటు తీసుకునేవాళ్ళకు ఏమైనా?

మేడం: సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. ప్రింటర్ "పేజీకి సరిపెట్టు" అని తనంతట తానే కుదించేస్తుంది. అది తీసేసి 100 శాతం పెట్టండి. ఏ4లో షీటు మొత్తం పట్టదు, కావలసిన ముక్కే తీసుకోండి. కాగితం బయటికి రాగానే స్కేలుతో ఒక గడి కొలవండి. 2 సెంటీమీటర్లు రాకపోతే ఇప్పటిదాకా చెప్పిన మిల్లీమీటరు లెక్కలేవీ ఆ కాగితానికి చెల్లవు. కింద అచ్చయిన స్కేలు పట్టీ కూడా మ్యాప్‌తోపాటే కుదించుకుపోతుంది కాబట్టి దాని మీద దూరం కొలుచుకోండి.