పానా ఇంటికి పంపండి

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మా బాబుకి డౌన్ సిండ్రోమ్. ఇలాంటి పిల్లల్లో కొందరికి మెడలో మొదటి రెండు పూసల్ని పట్టి ఉంచే లిగమెంట్ వదులుగా ఉంటుంది, పూస జారితే వెన్నుపాము నలిగిపోతుంది. అందుకే ఆ రెండింటినీ ఆపరేషన్‌తో కలిపేశారు. స్క్రూలు వేశారుగా, ఇంకేం భయం అన్నారు చుట్టాలు. భయం అప్పుడే మొదలండీ! తుంటి నుంచి తీసిపెట్టిన ఎముక అక్కడ అతుక్కోవాలి, అతుక్కునేదాకా మెడ కదలకూడదు. మావాడికి దాదాపు మూడు నెలలు హాలో పెట్టారు. అంటే తల చుట్టూ రింగు, దాన్నుంచి పుర్రెకి పిన్నులు, ఛాతీకి గట్టి వెస్టు, మధ్యలో రాడ్లు. 1959లో పెర్రీ, నికెల్ అనే అమెరికా డాక్టర్లు పోలియోతో మెడ కండరాలు చచ్చుబడినవాళ్ల కోసం రాసిన పద్ధతి ఇది. పెద్దవాళ్లకి మామూలుగా 4 పిన్నులు చాలు. పసివాళ్ల పుర్రె పలచన, అందుకని ఎక్కువ పిన్నులు పెట్టి ఒక్కోదాన్నీ తక్కువ బిగిస్తారు.

పిన్నుల దగ్గర చీము పట్టకుండా చూసుకోవడం, పడుకోబెట్టడం అన్నీ రాసుకొచ్చాను. కానీ ముందు పానా సంగతి చెప్పాలి.

వెస్టు విప్పే పానా ఎప్పుడూ వెస్టు ముందువైపే టేపుతో అంటించి ఉండాలి, ఆపరేషన్‌కి ముందే సర్జన్‌గారు చెప్పారు. డిశ్చార్జి రోజు చూస్తే లేదు. అడిగితే "అదెందుకమ్మా, ఏదైనా అయితే ఇక్కడికి తీసుకురండి" అన్నారు. మా ఊరు నాలుగు గంటల దూరం! గుండె ఆగితే ఛాతీ నొక్కాలి కదా, ముందు పలక తియ్యకుండా ఎలా నొక్కుతారు? పానా స్టోర్‌లో ఉందట, రిజిస్టర్‌లో సంతకం కావాలట, సంతకం పెట్టే సారు భోజనానికి వెళ్లారట. మేం బిల్లు కట్టేశాం, ఆటో బయట ఉంది, బాబు ఆకలని ఏడుస్తున్నాడు, అయినా నేను మంచం దిగనివ్వలేదు. ఆయన వచ్చాకే, ఆ పానా వెస్టుకి అంటించాకే కదిలాం.

వెనక వరసలో ఉన్న స్టాఫ్ నర్సులూ, మిమ్మల్నే అడుగుతున్నాను. డిశ్చార్జి కాగితం మీద మందుల కింద ఇంకొక్క లైను రాయండి, "పానా ఇచ్చాం" అని. అమ్మలూ, ఆ లైను లేకపోతే మీరూ కదలకండి. ఇంకోటి, ఎత్తుకునేటప్పుడు రాడ్లు పట్టుకోవద్దు, ఎంత ముద్దొచ్చినా సరే, తాతయ్యలకి కూడా చెప్పండి.

పాత వెస్టు ఒకటి తెచ్చాను. ముందు పలక ఎలా విప్పాలో ఫిజియోగారు చూపిస్తారు, నాన్నలు కూడా ముందుకి రండి.