కాంప్లెక్స్‌కి ఎల్తాదా?

శ్రోతలకు నమస్కారం.

మొన్న మద్దిలపాలెంలో సిటీ బస్సు ఆగగానే, చేతిసంచితో ఉన్న ఒక మామ్మ "బాబూ, కాంప్లెక్స్‌కి ఎల్తాదా?" అని అడిగింది. "ఎల్తాది మామ్మా, ఎక్కు" అన్నాడు కండక్టర్. అది పేరుకి ద్వారకా బస్ స్టేషన్. ఆర్టీసీ కాంప్లెక్స్ అనేవాళ్లం, ఇప్పుడు ఆర్టీసీ కూడా జారిపోయింది. విశాఖలో కాంప్లెక్స్ అంటే చాలు.

ఈ ఇంగ్లిషు మాట లాటిన్ నుంచి వచ్చింది. కలిపి అల్లడం, పెనవేయడం అనే అర్థం దాని వేరులో ఉంది. మూడు పాయల జడ అల్లుతాం చూడండి, అలాగన్నమాట. అల్లాక ఒక్కటే జడ. విప్పితే మూడు పాయలూ మళ్లీ చేతికొస్తాయి.

ఎనిమిది బి విటమిన్లు ఒకే మాత్రలో కలిస్తే బీ కాంప్లెక్స్. ఇంటర్ లెక్కల్లో సంకీర్ణ సంఖ్యలన్నా కాంప్లెక్స్ నంబర్లే, వాస్తవ భాగం ఒకటి, కల్పిత భాగం ఒకటి. రైతులైతే "ఈసారి కాంప్లెక్స్ వేశాం" అంటారు. అది ఎరువు. మన ఊళ్లోనే కోరమాండల్ ఫ్యాక్టరీ 1967 నుంచి ఎరువులు తయారుచేస్తోంది. బస్తా మీద 28-28-0 అని ఉంటే నూటికి 28 పాళ్లు నత్రజని, 28 పాళ్లు భాస్వరం, పొటాష్ లేదని. యూరియాలో ఉండే పోషకం నత్రజని ఒక్కటే, అందుకే దాన్ని కాంప్లెక్స్ అనరు.

నన్ను బాధపెట్టే వాడుక ఇంకొకటి ఉంది. పాలకొండ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చేరిన మా మేనకోడలు ఒకరోజు, "నాకు కాంప్లెక్స్ అత్తా, క్లాసులో నోరు విప్పలేను" అంది. ఇన్‌ఫీరియారిటీ కాంప్లెక్స్‌లో మొదటి మాట వదిలేశాం. తెలుగులో ఆత్మన్యూనత. కాంప్లెక్స్ అన్న మాట రోగం పేరులా పిల్ల నెత్తిన కూర్చుంది. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పాయా విప్పించాను. ఒకసారి "ఎల్తాది" అంటే ఇద్దరు నవ్వారట, అది ఒక పాయ. ఇంగ్లిషులో తప్పు పోతుందని భయం, అదొకటి. మూడోది అడగ్గా అడగ్గా చెప్పింది: అమ్మ ఫోన్ చేస్తే నలుగురిలో మాట్లాడటానికి సిగ్గేస్తోందట. చెప్తూ ఏడ్చేసింది. ఇంగ్లిషు భయం చదివితే పోతుంది. వాళ్ల నవ్వు వాళ్లది. అమ్మ మాట మాత్రం నీదే కదమ్మా అన్నాను.

నిన్న సాయంత్రం ఊరెళ్తూ కాంప్లెక్స్ నుంచి ఫోన్ చేసింది. వెనకాల జనం గోల, హారన్లు. "పాలకొండ బస్సెక్కీసాను అత్తా, బయల్దేరతాది, ఉంటాను" అంది, గట్టిగానే.