నల్ల ప్లేటా, తెల్ల ప్లేటా, క్లియర్ ప్లేటా?

నమస్కారం అండీ. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ, ఐసర్... ఇన్ని ల్యాబులున్న ఊరు మన తిరుపతి. ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, 96 వెల్స్ ప్లేటు ఏది కొనాల?" వెల్స్ అంటే చిన్న గుంటలు, 96 గుంటలున్న ఈ ప్లాస్టిక్ పలకే మైక్రోప్లేటు. నేను తిరిగి అడిగేదీ ఒకటే. దేంతో చదవబోతున్నావమ్మా? ధర సంగతి ఆ తర్వాత.

రీడర్‌లో (వెల్స్‌లోని వెలుగుని కొలిచే యంత్రం) రంగు గాఢత చూసేదైతే, అంటే ఎలీసా (యాంటీబాడీలతో చేసే పరీక్ష), ఎంటీటీ (కణాలు బతికున్నాయా చూసేది), బ్రాడ్‌ఫర్డ్ (ప్రోటీన్ ఎంతుందో చూసేది) లాంటివైతే, వెలుతురు ప్లేటు అడుగులోంచి దాటిపోవాలి. అందుకే క్లియర్ ప్లేటు, చదును అడుగు. ఫ్లోరోసెన్స్‌కి (వెలుగు పడితే తిరిగి వెలిగే పదార్థాల్ని కొలవడానికి) నల్లది, పక్క వెల్ వెలుగు ఇందులోకి రానివ్వదు. లూసిఫరేజ్ (వెలుగు పుట్టించే ఎంజైమ్) లాంటి వాటికి తెల్లది, ఎందుకంటే అక్కడ వచ్చేదే కొంచెం వెలుగు, దాన్ని పోనివ్వకుండా పైకి కొడుతుంది.

మామూలు పాలీస్టైరీన్ ప్లేటులో డీఎన్ఏ పోసి 260 నానోమీటర్ల దగ్గర చదివేస్తుంటారు కొందరు. ఆ యూవీని ప్లాస్టిక్కే మింగేస్తుందండీ! బ్లాంకే (శాంపిల్ లేని వెల్ రీడింగే) ఎక్కడో పైన ఉంటుంది. దానికి యూవీ ప్లేట్లని విడిగా అమ్ముతారు, రేటూ గట్టిగానే ఉంటుంది. ఉన్నది రెండు మూడు శాంపిల్సే అయితే క్వార్ట్జ్ క్యువెట్‌తో (యూవీని దాటనిచ్చే చిన్న గిన్నె) పని కానిచ్చేయండి.

ఇంకో చిక్కు. ఎలీసాకి ప్రోటీన్ బాగా పట్టుకునే ప్లేటు, కణాలు పెంచడానికి ట్రీట్ చేసిన ప్లేటు, ఏమీ చేయనిది... మూడూ చూడ్డానికి ఒకటే. ప్యాకెట్ చింపారంటే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. చింపగానే మార్కర్‌తో పక్క అంచు మీద రాయండి. మూతమీద రాస్తే మూతలు మారిపోతాయి, అడుగున రాస్తే రీడింగ్ పోతుంది. క్లోరోఫాం, అసిటోన్ పోసేదుంటే పాలీస్టైరీన్ జోలికే పోవద్దు, పాలీప్రొపిలీన్ తీసుకోండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన టెస్టు. కోళ్లలో కొక్కెర తెగులుకి చేసే హీమాగ్లుటినేషన్, అంటే వైరస్ ఎర్రరక్త కణాల్ని ఒకదానికొకటి అతికిస్తుందా అని చూడడం. దీనికి చదును అడుగు పనికిరాదు, వీ లేదా యూ అడుగు కావాలి. వైరస్‌ని వరసలో సగానికి సగం పలచన చేసుకుంటూ పోయి, కోడి ఎర్రరక్త కణాలు కలిపి వదిలేస్తాం. వైరస్ లేని వెల్‌లో కణాలు జారి అడుగున చిన్న ఎర్ర బొత్తాంలా కూర్చుంటాయి. ప్లేటు వంచి చూడండి, ఆ ఎరుపు కన్నీటి చారలాగా కిందికి కారుతుంది. వైరస్ ఉన్న చోట కారదు, వలలా పరుచుకుని ఉంటుంది. రీడర్ అక్కర్లేదు, కన్ను చాలు. అసలు మైక్రోప్లేటు పుట్టిందే ఇలాంటి పని కోసం: 1951లో హంగేరీలో గ్యూలా టకాచీ అనే ఆయన ఇన్‌ఫ్లుయెంజా పరీక్షలకి టెస్టు ట్యూబుల బదులు ప్లాస్టిక్ పలకలో గుంటలు చేయించాడు. ఇప్పటి 96 వెల్స్ ప్లేటులో గుంట మధ్యనుంచి గుంట మధ్యకి 9 మిల్లీమీటర్లు. మల్టీచానెల్ పిపెట్ (ఒకేసారి చాలా వెల్స్‌లో పోసే పరికరం) టిప్పులు సరిగ్గా దిగేది అందుకే.

కణాలు పెంచేవాళ్లకి ఒక మాట. 37 డిగ్రీల్లో మూడు రోజులుంచితే అంచు వెల్స్ ముందు ఆరతాయి. మే నెలలో, కరెంటు పోయి ఏసీ ఆగిన రూములో ప్లేటు మూత తీసి పెట్టుకుని కూర్చుంటే ఇక చెప్పేదేముంది! చుట్టూ ఉన్న 36 వెల్స్‌లో పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం) నింపి, లోపలి 60 మాత్రమే లెక్కలోకి తీసుకోండి. గైడ్ గారు "అన్ని వెల్స్ వృథానా?" అంటారు, అననీండి. కణాలు పోశాక వెంటనే ఇంక్యుబేటర్‌లోకి తోయకుండా, పావుగంటో ఇరవై నిమిషాలో బల్లమీదే కదపకుండా ఉంచండి, వెల్ అంతా సమంగా పరుచుకుంటాయి.

శాంపిల్స్ తక్కువుండి ఎలీసా చేయాలంటే స్ట్రిప్ ప్లేట్లు తెప్పించండి. ఎనిమిదేసి వెల్స్ పట్టీలు, కావలసినన్ని తీసుకుని మిగతావి సిలికా పొట్లంతో మూసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఫ్రేము మాత్రం పారేయకండి, అదే కంపెనీ పట్టీలు మళ్లీ కొన్నప్పుడు పనికొస్తుంది.