జిప్పు ఇరుక్కుంటే ఎవరిని అడగాలి?

నమస్కారం. ఈ రోజు వీడియోలో చూపించడానికి కొత్త ప్రదేశాలేవీ లేవు. మా అబ్బాయి టీచరుగారితో మాట్లాడి ఇప్పుడే వచ్చాను. బడి వదలడానికి పది నిమిషాలుంది కనుక కారులోనే కూర్చుని రికార్డు చేస్తున్నాను.

వాడికి ఐదేళ్లు. ఆవిడ వాణ్ణి మెచ్చుకుంటూనే ఒక సంగతి చెప్పారు. మొన్న ఆటల సమయంలో కోటు జిప్పు ఇరుక్కుపోతే, మిగతా పిల్లలు ఆడుకుంటున్నంతసేపూ వాడు తలుపు దగ్గరే నిలబడి దానితో పెనుగులాడాడట. భాష రాక కాదు. అడిగితే విసుక్కుంటారేమోనన్న జంకు. అది బడిలో నేర్చుకున్నది కాదు. "పనిలో ఉన్నాను, నువ్వే చూసుకో" అని నేను రోజుకు ఎన్నిసార్లు అంటానో నాకే తెలుసు.

పసితనంలో తన అవసరానికి పెద్దలు ఎలా స్పందించారో, తరువాత కలిసే పెద్దలూ అలాగే స్పందిస్తారని బిడ్డ మనసు అంచనా కట్టుకుంటుందని మనోవైద్యుడు జాన్ బౌల్బీ వివరించారు. మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ బృందం ఏడాది వయసు పిల్లలను తల్లి కాసేపు గది విడిచి తిరిగి వచ్చినప్పుడు గమనించి, ఆ ఫలితాలను 1978లో ప్రచురించింది. చాలామంది తల్లి దగ్గర ఊరట వెతుక్కున్నారు. కొందరు మాత్రం పట్టనట్టు ముఖం తిప్పుకున్నారు. ఇలాంటి పిల్లలు పేచీ పెట్టరు కనుక చూసేవారికి బుద్ధిమంతులుగా కనిపిస్తారు. మా వాణ్ణి అందరూ అలా పొగిడినప్పుడు నేనూ మురిసిపోయాను లెండి.

టీచరుతో బంధం మార్కులకు సంబంధించని వ్యవహారమని కూడా అనుకోలేము. బ్రిజెట్ హామ్రే, రాబర్ట్ పియాంటా అనే పరిశోధకులు 179 మంది పిల్లలను కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి టీచరుతో ఘర్షణ పడిన లేదా ఆమెను అతిగా అంటిపెట్టుకున్న పిల్లలు తరువాతి ఏళ్లలో చదువులో వెనుకబడే ధోరణి కనిపించింది; మగపిల్లల్లో అది మరింత స్పష్టంగా ఉంది. అలాగని ఇంట్లో పడిన ముద్ర చెరగనిదేమీ కాదు, ఓపికగల టీచరు దాన్ని కొంత మార్చగలరు. కానీ మనం చేయవలసిన పనిని ఆవిడకు అప్పగించడం నాకు న్యాయంగా తోచలేదు.

బడి నుంచి రాగానే "అల్లరి చేయలేదు కదా?" అని అడగడమే నాకు అలవాటు. "ఇవాళ ఎవరి సాయం అడిగావు?" అని ఒక్కసారీ అడగలేదు.

అదిగో, వస్తున్నాడు. కోటు జిప్పు సగంలోనే ఆగి ఉంది. కెమెరా ఆపేస్తున్నాను.