చెదలు అని రాసింది నేనే
(గ్రంథాలయ వారోత్సవాల సభలో ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో బలవంతంగా కూర్చోబెట్టిన హైస్కూలు పిల్లలకు, వెనక గోడకానుకుని నిలబడ్డ నా పాత పాఠకులకు నమస్కారం. శాలువా ముందే కప్పబోతే వద్దన్నాను. నేను చెప్పేది విన్నాక కూడా కప్పాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

నాకిచ్చిన అంశం, "జ్ఞానోదయ విలువలు, భావప్రకటన స్వేచ్ఛ క్షీణిస్తున్నాయా?" ఇక్కడ జ్ఞానోదయం అంటే బుద్ధుడిది కాదు, దేన్నైనా గుడ్డిగా నమ్మకుండా తర్కంతో తేల్చుకోవాలని పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో లేచిన ఆలోచన. కరపత్రం చూసి మా ఆవిడ, "ఇంత ప్రశ్నకి పదిహేను నిమిషాలేనా మీకిచ్చింది?" అంది. క్షీణిస్తున్నాయి అని చెప్పడానికే నన్ను పిలిచారని తెలుసు. చెప్పడం తేలికే. ఫేస్‌బుక్‌లో ఏదో రాశారని జనాన్ని పట్టుకెళ్లడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆరేళ్ల తర్వాత, 2021లో, అదే సెక్షన్ కింద ఇంకా కేసులు కడుతున్నారని తెలిసి కోర్టే విస్తుపోయింది. చచ్చిపోయిన సెక్షన్ పోలీసు స్టేషన్లో డ్యూటీ చేస్తూనే ఉందన్నమాట. ఇలాంటివి ఇంకో నాలుగు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు.

కానీ క్షీణించింది అనాలంటే అంతకుముందు ఎప్పుడో ఒకప్పుడు నిండుగా ఉండాలి కదండీ. నలభై ఏళ్లుగా పుస్తకాల మధ్యే బతికాను. ఆ నిండుగా ఉన్న రోజు ఏదో నాకు కనబడలేదు.

జ్ఞానోదయం అంటే మనవాళ్లు ముందు పారిస్ పేరు చెబుతారు. అక్కడ దిదెరో అని ఒకాయన. లోకంలో ఉన్న విద్యలన్నిటినీ, కంసాలి పనిముట్ల దగ్గర్నుంచి మతం దాకా, ఒకచోట చేర్చి విజ్ఞాన సర్వస్వం వెయ్యాలని కూర్చున్నాడు. 1749లోనే తన రాతల వల్ల జైలుకి వెళ్లొచ్చాడు. 1759లో ఆ సర్వస్వానికి ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం రద్దు చేసింది. అయినా గుట్టుగా పని సాగించాడు. 1764లో ఒకరోజు, అచ్చయిన తన వ్యాసం ఒకటి తిరగేస్తుంటే అందులో తను రాసిన వాక్యాలు లేవు. ఇంకోటి తీశాడు. అందులోనూ కోతే. ఎవరు కోశారు? రాజుగారు కాదు, చర్చివాళ్లు కాదు. అచ్చువేస్తున్న లె బ్రెతోన్! దిదెరో ప్రూఫులు దిద్ది పంపేశాక, ఎవరికీ తెలియకుండా తనే కొట్టేసేవాడు. రాతప్రతులు కూడా మిగల్చలేదు. అతనేం మూర్ఖుడు కాదు. ఆ పుస్తకానికి డబ్బు పెట్టినవాళ్లలో ఒకడు. రేపెవరైనా వచ్చి అడుగుతారేమోనని జంకాడు, అంతే.

పిల్లలూ, లె బ్రెతోన్ అనే పేరు గుర్తుపెట్టుకోండి. పరీక్షలో రాదు.

మన దగ్గరకొద్దాం. తంజావూరులో ప్రతాపసింహ మహారాజు కాలంలో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనము' రాసింది. 584 పద్యాలు. రాధకి కోపం, కృష్ణుడు బతిమాలడం, శృంగారం దాచకుండా చెప్పింది. దాన్ని వీరేశలింగం పంతులుగారు ఆడది రాయాల్సిన రాతేనా ఇది అన్న ధోరణిలో తిట్టిపోశారు. ఆగండి, పంతులుగారిని నేను తక్కువ చేయడం లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించిన మనిషి. పత్రిక పెట్టి కోర్టు నౌకర్ల లంచాలు రచ్చకీడ్చిన మనిషి. మన జ్ఞానోదయం అంటే ఆయనే. అందుకే చెబుతున్నాను.

తర్వాత బెంగళూరు నాగరత్నమ్మగారు రంగంలోకి వచ్చారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన ఆవిడే. అంతకుముందు అచ్చయిన ప్రతి చూస్తే కొన్ని పద్యాలు లేవు, కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న పీఠిక అసలే లేదు. అక్కడా ఒక లె బ్రెతోన్! ఆవిడ రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారి చేత పూర్తిగా అచ్చువేయించారు. పంతులుగారిని ముందుమాటలో నిలదీశారు కూడా. సిగ్గనేది ఆడవాళ్లకేనా, మగ కవులకు అక్కర్లేదా, మీరు రాసినవాటిలో శృంగారం లేదా అని. ఒక దేవదాసి, ఒక మహాసంస్కర్తని, 1910లో! నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. మరుసటి ఏడాది తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలం అని ప్రతులు పట్టుకుపోయింది. ప్రకాశం పంతులుగారు మద్రాసులో అధికారంలోకి వచ్చాకగానీ నిషేధం పోలేదు. సుమారు 35 ఏళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. శాలువా వద్దన్నది దీనికే.

1990ల్లో నేనొక శాఖా గ్రంథాలయంలో ఉన్నాను. రెండేళ్లుగా కొత్త పుస్తకం కొన్న పాపాన పోలేదు. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, అది ఎక్కడ ఆగిపోతోందో మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? చేతులెత్తండి. చూశారా, ఒక్కరు లేరు! సరే, ఆ గొడవెత్తితే అధ్యక్షులవారికి బీపీ వస్తుంది.

కొత్తవి లేక, డిగ్రీ చదివే ఒక అమ్మాయి పాతవన్నీ వెతికి వెతికి ఈ 'రాధికా సాంత్వనము' పుస్తకమే తీసుకెళ్లింది. మూడో రోజున వాళ్ల నాన్న దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టుకుని వచ్చాడు. అరవలేదండీ. కుర్చీలో కూర్చున్నాడు, మంచినీళ్లు తాగాడు, "మాస్టారూ, ఆడపిల్లలు వచ్చేచోట ఇలాంటివెందుకండీ" అన్నాడు. అంతే. ఫిర్యాదు పెడతాననలేదు, పేపరుకెక్కుతాననలేదు. ఆయన వెళ్లాక నేను లేచి, పుస్తకాన్ని వెనక బీరువాలో, మాడిపోయిన ట్యూబులైట్ల వెనక పెట్టి తాళం వేశాను. ఆ ఏడాది స్టాకు వెరిఫికేషన్‌లో దాని నంబరు ఎదురుగా ఎర్రసిరాతో "చెదలు" అని రాసి పొట్టి సంతకం పెట్టాను. నా బల్ల వెనక గోడ మీద గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి ఫోటో. సంపాదకీయం అచ్చువేసినందుకు 1908లో జైలుకెళ్లిన మనిషి, తర్వాత గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కు. ఆయన చూస్తుండగానే రాశాను.

ఆ అమ్మాయి మళ్లీ మళ్లీ అడిగింది. "బైండింగుకి వెళ్లిందమ్మా" అనేవాణ్ని. చివరిసారి నవ్వి, "అంత లావు అట్ట వేయిస్తున్నారా సార్?" అంది. తర్వాత రాలేదు.

నన్నెవరూ బెదిరించలేదు. ఏ సెక్షనూ లేదు. ఇవాళ క్షీణత గురించి మాట్లాడమని నన్ను పిలిస్తే ఏ మొహంతో ప్రభుత్వాన్ని తిట్టను? తిట్టాలి, తిట్టొద్దనడం లేదు. కానీ నా వంతు కూడా లెక్కలో రాయండి.

బదిలీ మీద వెళ్లేటప్పుడు చార్జి అప్పగిస్తూ ఆ బీరువా తెరిచాను. అట్ట అట్టలాగే ఉంది. తెరిస్తే లోపల మట్టి. నిజంగానే చెదలు తినేశాయి! నా రిజిస్టరు మొత్తంలో అంత కచ్చితంగా నిజమైన ఎంట్రీ ఇంకోటి లేదు.

అధ్యక్షులవారు వాచీ చూసుకుంటున్నారు. ఒక్క పని మిగిలింది. మళ్లీ అచ్చయిన ప్రతి ఒకటి ఈ సంచిలో తెచ్చాను. ఆ శాఖలో ఇప్పుడున్న లైబ్రేరియన్ అమ్మాయి ఇక్కడే ఉంది. అమ్మా, దీనికి నంబరు వేసి బయట ర్యాకులో పెట్టు, బీరువాలో వద్దు. పాత రిజిస్టరు ఇంకా ఉంటే, "చెదలు" అన్నచోట కొట్టేసి నా పేరు రాయి. పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు.

ఆ రోజుల్లో మా లైబ్రరీలో పుస్తకాలు తీసుకెళ్లిన ఆడపిల్లలు ఇప్పుడు నలభై దాటి ఉంటారు. వాళ్లలో ఎవరైనా మీకు తగిలితే, పుస్తకం బైండింగు నుంచి వచ్చిందని చెప్పండి.