డెల్టా పెరట్లో పూలమొక్కలు: ముందు నీటి దారి, ఆ తరువాతే మొక్క

నమస్కారం. గోదావరి డెల్టాలో సొంత ఇల్లు ఉండి, వాకిట్లో కొన్ని పూలమొక్కలు, పెరట్లో కొన్ని రంగురంగుల ఆకుల మొక్కలు పెంచుకోవాలనుకునేవారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు ప్రయాణిస్తే కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక పరిసరాల్లో రోడ్డుకు ఇరువైపులా నర్సరీలే కనిపిస్తాయి. అక్కడ అంటుకట్టిన మొక్కలు లారీలకెక్కి ఇతర రాష్ట్రాలకు తరలిపోతాయి. అంతటి మొక్కల సంపద మనకు కూతవేటు దూరంలో ఉన్నప్పటికీ, ఎంతో ఇష్టంగా కొని తెచ్చిన మొక్క ఒక్క వానాకాలం దాటకుండానే చనిపోవడం మన ఊళ్లలో తరచుగా చూస్తాం. అప్పుడు మనం ఎండను నిందిస్తాం. రోహిణి కార్తె ఎండ తీవ్రమైనదే, కాదనను. అయితే డెల్టాలో అలంకరణ మొక్కకు ఎండకన్నా పెద్ద ప్రమాదం వేరు దగ్గర నిలిచిపోయే నీరే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ రోజు చెప్పబోయేదంతా ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

ధవళేశ్వరం దగ్గర 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట నిర్మాణం జరిగిన తరువాత కాలువల నీరు డెల్టా అంతటా పారింది, వరిచేలు విస్తరించాయి. వరికి మేలు చేసే నల్లమట్టి, నీటిని పట్టి ఉంచే స్వభావం కారణంగానే, మందారకూ గులాబీకీ ఇబ్బంది కలిగిస్తుంది. వేరు కూడా గాలి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేరుకు ప్రాణవాయువు అందదు, కుళ్లు తెగులు మొదలవుతుంది. వేరు కుళ్లిన మొక్క నీటిని పైకి లాగలేక వాడిపోతుంది. మనమేమో వాడింది కదా అని ఇంకో చెంబుడు నీళ్లు పోస్తాం. నదికి దగ్గరగా ఉన్న లంక గ్రామాల్లో పరిస్థితి వేరు, అక్కడ ఇసుక కలిసిన ఒండ్రు మట్టిలో నీరు త్వరగా ఇంకిపోతుంది. కాబట్టి పక్క ఊరివారు చెప్పిన పద్ధతి మన పెరటికి సరిపోతుందని అనుకోవడానికి వీల్లేదు.

మొక్క కొనకముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. నాటాలనుకున్న చోట అడుగు లోతు గుంట తీసి, నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. రెండోసారి మళ్లీ నింపండి. మరునాటి ఉదయానికి కూడా గుంటలో నీరు నిలిచి ఉంటే, అక్కడ నేలలోకి దింపి ఏ పూలమొక్కనూ నాటకూడదు. అలాంటి చోట లోతుగా గుంట తవ్వి, మెత్తని ఎరువు మట్టితో నింపి నాటడం మంచి పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి బంకమట్టి మధ్య తవ్విన ఆ గుంట గోలెంలా మారి, చుట్టుపక్కల వాననీటినంతా తనలోకే దించుకుంటుంది. అందుకు బదులుగా నేలమీదనే అడుగు నుంచి అడుగున్నర ఎత్తున, రెండు మూడడుగుల వెడల్పున మట్టి దిబ్బ పోసి, దానిమీద మొక్క నాటాలి. పెరటి మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల గత్తం కలిపితే దిబ్బకు సరిపోతుంది. నర్సరీ కవరును పూర్తిగా చించి తీసివేసి, అడుగున చుట్టుకుపోయిన వేళ్లను చేతితో నెమ్మదిగా విడదీసి, మట్టిగడ్డ పైభాగం దిబ్బ పైభాగంతో సమంగా ఉండేలా నాటండి. కాండం మొదలును మట్టితో కప్పివేయకూడదు.

కోనసీమలో కొబ్బరి పొట్టు సులభంగా దొరుకుతుంది కనుక కుండీలన్నిటినీ దానితోనే నింపేవారు ఉన్నారు. కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుంటుంది. మెట్ట ప్రాంతంలో అది వరమే గాని, జూలై నుంచి నవంబరు వరకు గాలిలోనే తేమ నిండి ఉండే మన దగ్గర మితంగా వాడాలి. అదీ, ఒకటికి రెండుసార్లు మంచినీటితో కడిగి ఉప్పు పోయిన తరువాతే వాడాలి. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి ఈ ఉప్పు సమస్య బోరు నీటితోనే మొదలవుతుంది. ఆకుల అంచులు మాడినట్లు గోధుమరంగుకు తిరగడం దాని గుర్తు. అక్కడ గన్నేరు, దేవగన్నేరు, కాగితం పూల మొక్క వంటివి నిలుస్తాయి. సున్నితమైన మొక్కలకు మాత్రం వాననీరు పట్టి దాచుకోవడం తప్పనిసరి.

కాగితం పూల మొక్క దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రేక్షకులు అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న దీని గురించే. నర్సరీలో ఉన్నప్పుడు ఆకు కనిపించనంతగా పూసిన మొక్క, ఇంటికి వచ్చాక గోడ ఎత్తు పెరిగి ఆకులే వేస్తోందని వారి బాధ. ఈ మొక్క దక్షిణ అమెరికాది. పూవని మనం అనుకునే రంగు రేకులు నిజానికి రూపం మారిన ఆకులు. వాటి మధ్య కాడలా నిలబడి, చివర తెల్లగా విచ్చుకునే చిన్నది అసలు పూవు. నీరు పుష్కలంగా అందినంతకాలం ఈ మొక్క కొమ్మలనూ ఆకులనూ పెంచుకుంటూ పోతుంది. నీరు తగ్గి, నేల కొద్దిగా ఎండినప్పుడు పూతకు వస్తుంది. మన దగ్గర వానాకాలంలో ఇది పచ్చగా మాత్రమే ఉండటంలో వింత లేదు, ఆ నెలల్లో పూత కోసం ఎరువులు వేయడం వృథా. నవంబరులో వానలు వెనుకబట్టిన తరువాత పొడవు కొమ్మలను మూడో వంతు వరకు కత్తిరించండి, పూత కొత్త చిగుళ్ల చివరనే వస్తుంది. ఆ పైన ఆకులు కాస్త వాలే వరకు నీరు ఆపి, వాలిన తరువాతే నిండుగా పోయండి, మళ్లీ ఆపండి. రోజులో కనీసం ఐదారు గంటల నేరు ఎండ తగలని చోట ఈ శ్రమ ఫలించదు. యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది. కుండీలో పెంచేవారు ఏడాదికి ఒకటి రెండుసార్లు కుండీని కదిలించి చూడాలి. అడుగు రంధ్రంలోంచి వేరు నేలలోకి దిగిపోయి ఉంటే, పైన మనం ఎంత నీరు ఆపినా మొక్కకు కింద నుంచి అందుతూనే ఉంటుంది. ఈ ఒక్క కారణంతోనే పూయని కుండీ మొక్కలు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి.

నూరువరహాల మొక్క స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. దానికి నిరంతరం కొద్దిపాటి తేమ కావాలి, కాస్త పులుపు స్వభావం ఉన్న నేల కావాలి. మన నల్లమట్టిలోనూ, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీటితోనూ పెరిగే నూరువరహాలలో లేత ఆకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నేలలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేకపోవడం దీనికి కారణం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం, ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకులమీద పిచికారీ చేయాలి. వారం పది రోజుల వ్యవధితో మరొకసారి చేస్తే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. ఇంటి గోడ పక్కనే నాటినప్పుడు సిమెంటు, సున్నం ముక్కలు మట్టిలో కలిసి ఉంటాయి కనుక అక్కడ ఈ లోపం ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

మందార గురించి క్లుప్తంగా చెబుతాను, మన ఇళ్లలో దానిని ఎరగనివారు లేరు. పూవు చాలావరకు ఒక్కరోజే ఉంటుంది కాబట్టి రోజూ కొత్త మొగ్గలు రావాలి, అవి కొత్త కొమ్మలకే వస్తాయి, అందుకు ఫిబ్రవరిలో తేలికగా కత్తిరించుకోవాలి. కొమ్మలకు తెల్లని పిండిలా అంటుకుని రసం పీల్చే పిండినల్లి పురుగు కనిపించిన వెంటనే గట్టి నీటిధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి కొట్టండి. కొమ్మలమీద చీమల బారు ఉంటే పిండినల్లి ఎక్కడో దాగి ఉందని అర్థం, ఎందుకంటే అది విసర్జించే తీపి ద్రవం కోసమే చీమలు వస్తాయి.

ఇక కొబ్బరి నీడ. కోనసీమ ఇళ్లలో పెరడంటే కొబ్బరిచెట్ల కింద ఉండే నేలే. అక్కడ గులాబీలు పెట్టి పూయలేదని బాధపడటం కన్నా, చెదురు నీడను ఇష్టపడే మొక్కలకు అది అద్భుతమైన చోటని గుర్తించడం మేలు. హెలికోనియా, అగ్లోనిమా, ఫిలోడెండ్రాన్, రకరకాల ఫెర్నులు అక్కడ పెరిగినంత నిండుగా మేడమీద పెరగవు. క్రోటన్లను మాత్రం మరీ చిక్కటి నీడలో పెట్టకండి. ఎరుపు, పసుపు తగ్గి, అన్నీ ఒకే ఆకుపచ్చలోకి దిగిపోతాయి. ఉదయపు ఎండ ఏటవాలుగా పడే తూర్పు అంచున క్రోటన్లు, వాటి వెనుక లోపలి నీడలో వెడల్పాటి ఆకుల మొక్కలు ఉంటే, అరుగుమీద కూర్చున్న మనిషికి ముందు రంగు, దాని వెనుక పచ్చదనం కనిపిస్తాయి. మట్ట, కాయ రాలే చోట విలువైన కుండీలు ఉంచకూడదని వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో, ఎండు కొబ్బరి డొక్కలను మొక్క చుట్టూ బోర్లించి పరిస్తే నేల తడి నిలుస్తుంది. కాండానికి జానెడు దూరం వదలండి, చెదలు పట్టకుండా అప్పుడప్పుడు ఎత్తి చూడండి.

ఈ మధ్య అందరూ కొంటున్న అడీనియం ఎడారి ప్రాంతాల మొక్క. దాని లావుపాటి మొదలులో నీరు నిల్వ ఉంటుంది. వానాకాలమంతా దానిని చూరు కిందకు, వాన జల్లు తగలని చోటికి చేర్చడం తప్ప వేరే ఉపాయం లేదు. అడీనియం, గన్నేరు రెండూ విషపూరితమైనవి. గన్నేరులో ఆకు, కొమ్మ, పూవు, గింజ అన్నీ ప్రమాదకరమే. పశువులున్న ఇంట్లో కత్తిరించిన గన్నేరు కొమ్మలను గడ్డివాము దగ్గరగానీ, పశువుల పాకలోగానీ వేయవద్దు. వెడల్పాటి మచ్చల ఆకులతో అందంగా ఉండే డిఫన్‌బేకియా ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. పాకే వయసు పిల్లలున్నప్పుడు దాన్ని అందనంత ఎత్తులో ఉంచాలి.

పరిమళం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన వేసవిలో తోటను అనుభవించే సమయం మధ్యాహ్నం కాదు, పొద్దు వాలిన తరువాతే. రాధామనోహరం తీగకు సాయంత్రం విచ్చిన పూవు తెల్లగా ఉండి, మరునాడు గులాబీరంగుకు, ఆ తరువాత ఎరుపుకు మారుతుంది, అందువల్ల ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. తెల్లని పూలకూ, రాత్రి పరిమళానికీ ఆకర్షితమై పెద్ద రెక్కల పురుగులు వస్తాయి. పారిజాతం సంధ్యవేళ విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతుంది. రాలిన పూలను కూడా పూజకు స్వీకరించే ఆచారం మనకు ఉంది కనుక దాని కింద నేలను శుభ్రంగా అలికి ఉంచుకోవడం మంచిది. వీటిని ప్రహరీ చివర కాకుండా, సాయంత్రం మీరు కూర్చునే చోటికి గాలి వచ్చే దిక్కున పెట్టండి. వేసవి సాయంత్రాల్లో మన దగ్గర చల్లగాలి ఎక్కువగా సముద్రం వైపు నుంచి వీస్తుంది.

కలువల తొట్టి పెట్టుకునేవారు అందులో గప్పీ చేపలు వదలండి, దోమపిల్లలను అవి తినేస్తాయి. కుండీల కింద పళ్లేలలో నీటిని వారం దాటకుండా పారబోయాలి, డెంగీ వ్యాపింపజేసే దోమ ఇలాంటి కొద్దిపాటి నీటిలోనే పెరుగుతుంది. తొట్టిలో పెరిగిన నీటిమొక్కలను ఎక్కువయ్యాయని కాలువలోకి విసరకండి. మన కాలువలను, మురుగు కాలువలను కమ్మేస్తున్న గుర్రపుడెక్క కూడా ఒకనాడు పూల అందం కోసం దక్షిణ అమెరికా నుంచి ఇతర దేశాలకు తెచ్చుకున్న మొక్కే.

తుపాను కాలానికి సిద్ధపడటం కూడా తోటపనిలో భాగమే. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో కొబ్బరితోటలే కూలిపోయాయి. హెచ్చరిక వినగానే పిట్టగోడమీది కుండీలను కిందకు దించి, వేలాడే కుండీలను లోపలకు తెచ్చి, పందిరి తీగలను కొంత తేలిక చేయాలి. తుపాను వెళ్లిన తరువాత మొదటి పని విరిగిన కొమ్మలు తీయడం కాదు, నిలిచిన నీటికి దారి తవ్వడం.

మొక్కలను పెంచుకోవడానికి ప్రతిసారీ డబ్బు పెట్టనక్కరలేదు. మృగశిర కార్తె చినుకులు పడిన తరువాత మందార, క్రోటన్, నందివర్ధనం, నూరువరహాల కొమ్మలను పెన్సిలు మందంలో, జానెడు పొడవున, కణుపు కిందుగా కత్తిరించి, కింది ఆకులు తీసి, ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో గుచ్చండి. నీడలో ఉంచి, మట్టి చెమ్మగా మాత్రమే ఉండేలా చూసుకోండి. దేవగన్నేరు కొమ్మను మాత్రం కోసిన వెంటనే నాటకూడదు. పాలు కారడం ఆగి, కోసిన చోటు పూర్తిగా ఎండేవరకు వారం రోజులు నీడలో ఉంచి, ఆ తరువాత నాటాలి. కొత్త చిగురు వచ్చినంత మాత్రాన వేరు పట్టిందని అనుకోవద్దు, చిగురు కొమ్మలోని నిల్వతోనే రాగలదు. చేతితో మెల్లగా కదిపితే కదలనప్పుడు దాన్ని దిబ్బమీదకు మార్చండి.