ఫార్వర్డ్ నొక్కేముందు

శ్రోతలందరికీ నమస్కారం. సంఘ విశ్వాసులకు వందనాలు.

మన దేశంలో ఒలిసాబంగ్ అనే రాష్ట్రం ఎక్కడుందో మీలో ఎవరికైనా తెలుసా? పటంలో ఎంత వెతికినా కనిపించదు. అలాంటి రాష్ట్రం లేదు. అయినా ఆ లేని రాష్ట్రంలోని సంఘాల కోసం ప్రపంచమంతటా క్రైస్తవులు పదేళ్లకు పైగా మోకాళ్లూని ప్రార్థిస్తూనే ఉన్నారు. బౌద్ధ తీవ్రవాదులు నిన్న రాత్రి 20 చర్చీలు తగలబెట్టారని, ఈ రాత్రి ఒలిసాబంగ్‌లో 200 చర్చీలను నాశనం చేయబోతున్నారని, 24 గంటల్లో 200 మంది మిషనరీలను చంపబోతున్నారని, వెంటనే ప్రార్థించి అందరికీ పంపమని ఫోన్లలో చేతులు మారుతూ తిరిగే ఒక సందేశం వేడుకుంటుంది. దానికి తేదీ ఉండదు. 'నిన్న రాత్రి' అని మాత్రమే ఉంటుంది కాబట్టి ఏ ఏడాది చదివినా అది నిన్న రాత్రే.

అఫ్ఘానిస్థాన్ పేరుతో ఇలాంటిదే మరొకటి ఉంది. 22 మిషనరీ కుటుంబాలకు రేపు మరణశిక్ష అమలు చేస్తారని 2009 ప్రాంతం నుంచి తిరుగుతోంది. 2007లో 23 మంది దక్షిణ కొరియా క్రైస్తవులను తాలిబాన్లు నిజంగానే బందీలుగా పట్టుకున్నారు. ఇద్దరిని చంపి, మిగిలినవారిని వదిలిపెట్టారు. అది జరిగిన సంగతి. ఆ దుఃఖం చల్లారిన తరువాత పుట్టిన ఈ 'రేపు' మాత్రం ఇప్పటికీ తెల్లవారలేదు.

అమెరికాలో ఉన్న మేనమామ నుంచి మౌలాలిలో ఉన్న అక్కయ్యకు, అక్కయ్య నుంచి సంఘం ప్రార్థన గ్రూపుకు, ఆ గ్రూపు నుంచి నగరంలోని మరో నాలుగు గ్రూపులకు ఇలాంటివి ఎలా చేరతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. చేరవేసేవారు చెడ్డవారు కారు. వారిలో చాలామంది నాకంటే భక్తిపరులు. బాధపడేవారి కోసం వెంటనే ఏదో చేయాలన్న తపనే వారి చేత ఆ బటన్ నొక్కిస్తుంది. సందేశం తయారు చేసినవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

'ప్రార్థన చేస్తే పోయేదేముంది?' అని అడుగుతారు. ప్రార్థనతో నష్టం లేదు, సరే. దాని వెనకాలే నడిచి వచ్చిన మాట సంగతి ఏమిటి? బౌద్ధులు చర్చీలు తగలబెట్టారని మన నోటితో, అదే మన వేలితో, మనం సాక్ష్యమిచ్చాం. పది ఆజ్ఞలలో తొమ్మిదవది ఏమంటుంది? 'నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు.' పొరుగువాడు మన మతస్థుడే అయి ఉండాలని అందులో రాసి లేదు. నిర్గమకాండం 23వ అధ్యాయం మొదటి వచనం ఇంకా సూటిగా, 'లేనివార్తను పుట్టింపకూడదు' అంటుంది. 'నేను పుట్టించలేదు, వచ్చింది పంపాను, అంతే' అంటారు కొందరు. అలాగైతే పోస్టుమాన్ కూడా అంతే కదా అని వాదిస్తారు. పోస్టుమాన్ ఉత్తరం విప్పి చదవడు. చదివి, బాగుందని ఎంచుకుని, చిరునామాలు తానే రాసి పంచడు. మనం చేసేది సరిగ్గా అదే.

ఇంకొక నష్టం మనకే. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో చర్చీలు, ఇళ్లు నిజంగానే కాలిపోయాయి. మనుషులు నిజంగానే అడవుల్లోకి పారిపోయారు. లేని ఒలిసాబంగ్ కోసం పదిసార్లు కన్నీరు పెట్టుకున్నవారి మాటను, రేపు ఎక్కడైనా నిజంగా మంటలు లేచిన రోజున ఎవరు నమ్ముతారు? బాధితుడికి మిగిలే బలం తన మాట మీద ఇతరులకు ఉన్న నమ్మకం ఒక్కటే. దాన్ని మనం చిల్లరగా ఖర్చు చేసేస్తున్నాం.

ఇది క్రైస్తవుల గ్రూపులకే పరిమితమైన జబ్బు కాదని అందరికీ తెలుసు. మన హైదరాబాదే ఒక సాక్షి. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో తెలుగు రాష్ట్రాలంతటా పాకింది. అదే నెల చివర్లో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆమె ఎవరి బిడ్డనూ ఎత్తుకుపోలేదు. రాయి విసిరినవారు కొద్దిమందే అయినా, వారి చేతికి రాయి అందేదాకా ఆ మాటను మోసినవారు ఎందరో. వారిలో ఎవరి మీదా కేసు ఉండదు. బహుశా వారికి ఆ సందేశం పంపినట్టు గుర్తు కూడా ఉండదు.

ఆ ఏడాదే జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో ఇంకొక మెట్టు ఎక్కింది. అయిదు చేతులో, అంతకంటే ఎక్కువో మారి వచ్చిన సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. రెండు బాణాలు కనిపిస్తే ఆ మాట చాలా దూరం నడిచి వచ్చిందని, మొదట అన్నవాడు ఎవరో మీకు పంపినవారికి కూడా తెలియదని అర్థం. ఆ గుర్తు ఉన్నది అబద్ధమే అని కాదు, మంచి పాటలకూ ఆ బాణాలు ఉంటాయి. నాకు మాత్రం ఆ గుర్తు చూస్తే చేయి ఆగుతుంది.

ఒక కంపెనీ యంత్రంలో పెట్టిన నిదానాన్ని మనం మనసులో పెట్టుకోలేమా అన్నదే నా ప్రశ్న. యాకోబు తన పత్రికలో వినడానికి వేగిరపడమని, మాట్లాడడానికి నిదానించమని రాశాడు. మన ఫోన్లు దీనికి నేరుగా తలకిందుల శిక్షణ ఇస్తున్నాయి. సగం వినేలోపే సగం ఊరికి చెప్పేసి ఉంటాం.

ఇక్కడ ఆదిమ సంఘం గురించి ఒక ముచ్చట చెప్పాలి. నకిలీ సందేశాల బెడద మనతో మొదలైంది కాదు. థెస్సలొనీక సంఘాన్ని కలవరపెట్టిన వాటిలో, పౌలు దగ్గర నుంచి వచ్చినట్టు చెప్పుకునే ఉత్తరం కూడా ఉండవచ్చు. ప్రభువు దినం వచ్చేసిందని చెప్పే అలాంటి ఉత్తరాన్ని చూసి బెదిరిపోవద్దని పౌలు తన రెండవ పత్రికలో హెచ్చరించాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ పత్రిక చివర్లో, 'పౌలను నేను నా చేతివ్రాతతో వందనము వ్రాయుచున్నాను. ప్రతి పత్రికయందును అదే గురుతు' అని రాశాడు. మిగతా ఉత్తరాన్ని లేఖకుడి చేత రాయించినా, చివరి వందనం తన చేతితోనే రాసేవాడు. మొదటి శతాబ్దంలోనే సంఘానికి సరిచూసుకునే పద్ధతి ఉండేది. ఇక బెరయ ఊరివారు పౌలు అంతటివాడు స్వయంగా బోధిస్తున్నా, ఆ సంగతులు అలా ఉన్నాయో లేదో అని ప్రతిరోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు. అపొస్తలుల కార్యముల గ్రంథం వారిని ఘనులని మెచ్చుకుంది. మన సంఘాల్లో ఎవరైనా 'ఇది నిజమేనా అన్నా?' అని గ్రూపులో అడిగితే ఏమంటాం? విశ్వాసం తక్కువ అంటాం.

నేను మాట్లాడుతున్నదీ ఒక యంత్రంలోనే. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆ తరువాత షార్ట్‌వేవ్ మీద సీషెల్స్ దీవుల నుంచి వచ్చే ఫెబా అనే క్రైస్తవ రేడియో ప్రసారాలకు చెవి ఒగ్గి, గరగరల మధ్య వాక్యం విన్న తరం ఇంకా మన మధ్య ఉంది. యంత్రాన్ని చూసి వారు భయపడలేదు, నేనూ భయపెట్టడం లేదు. రేడియోకు ఒక సౌఖ్యం ఉండేది. విన్నది నచ్చకపోతే కట్టేయవచ్చు, నచ్చితే పక్కింటివారిని పిలవాలి. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఒక ప్రసార కేంద్రం ఉంది, కార్యక్రమ నిర్వాహకుడు మాత్రం లేడు.

అబద్ధాల సంగతి ఇలా ఉంటే, నిజాల సంగతి ఇంకొకటి. ఇది చెబితే కొందరికి కష్టం కలగవచ్చు. ప్రార్థన మనవుల పేరుతో మనం పంచుతున్న నిజాలు కొన్ని మనవి కావు. ఫలానా సహోదరికి ఫలానా ఆపరేషన్, ఫలానా ఆసుపత్రి, వార్డు నంబరు, పక్కనే స్కాన్ రిపోర్టు, ముక్కుకు గొట్టాలతో ఉన్న ఫొటో. గ్రూపులో 200 మంది. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. ఆరు నెలల తరువాత ఆ ఇంట్లో అమ్మాయికి సంబంధం చూడటానికి వచ్చినవారికి తల్లి జబ్బు వివరాలు ముందే తెలిసి ఉంటాయి. ఎలా తెలిశాయో ఎవరూ చెప్పరు. దేవునికి స్కాన్ రిపోర్టు అవసరం లేదు కదా. పేరు చెప్పి, ఆరోగ్యం కోసం ప్రార్థించమంటే చాలదా? ఆ కాస్త చెప్పడానికి కూడా ముందు ఆ మనిషిని అడగాలి. స్పృహలో లేకపోతే ఇంటివారిని అడగాలి. సంఘ కాపరులు ఈ ఒక్క నియమం పెట్టినా సగం గాయాలు మానతాయి.

గొడవల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. సహోదరుడు తప్పు చేస్తే మొదట నీవూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమని మత్తయి 18వ అధ్యాయంలో యేసు చెప్పిన వరుస ఒకటి ఉంది. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం ఆ వరుసలో ఎక్కడా లేదు.

ఇప్పుడు డబ్బు. సంఘాల్లో మనుషులు ఒకరినొకరు నమ్ముతారు, అడిగితే ఇస్తారు. అది మన అందం. మోసగాడికి అదే తలుపు. కొత్త నంబరు నుంచి పాస్టరు గారి ఫొటోతో సందేశం వస్తుంది. 'మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయవద్దు, ఒక బిడ్డ ఆసుపత్రిలో ఉంది, వెంటనే కొంత పంపండి' అని ఉంటుంది. ఫోన్ చేయవద్దన్న మాట దగ్గరే ఆగిపోవాలి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న పాత నంబరుకు ఫోన్ చేయండి. ఇప్పుడు గొంతును కూడా కంప్యూటర్ అనుకరిస్తోంది. దానికి కొద్దిసేపటి మాటలు చాలు. మన కాపరుల ప్రసంగాలేమో యూట్యూబ్‌లో గంటల కొద్దీ ఉన్నాయి. గొంతు విని నమ్మే రోజులు పోయాయి. పౌలు పెట్టిన గురుతు లాంటిదే కుటుంబాలు పెట్టుకోవచ్చు, ఇంటివారికి తప్ప ఎవరికీ తెలియని ఒక మాటను అడగవచ్చు.

యూపీఐలో పిన్ డబ్బు పంపడానికి, డబ్బు అందుకోవడానికి అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎందరో బతికిపోయేవారు. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్టు' చేశామంటారే, మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలోనే ఆ సంగతి చెప్పారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. మోసగాడు ఇంకా తీసుకోకముందే బ్యాంకు ఆ సొమ్మును నిలిపివేయగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. విశ్వాసులు ఆ గంటలనే సిగ్గుతో పోగొట్టుకుంటారు. 'సంఘ పెద్ద అయి ఉండి మోసపోయాడు' అంటారన్న భయం. మోసపోయినవారిని చూసి నవ్వే సంఘంలో తరువాత మోసపోయేవారు కూడా నోరు విప్పరు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆరాధనలు తెరల మీదకు వచ్చాయి. మంచం దిగలేని పెద్దవారికి అది వరమే, ఆ ప్రసారాలు ఆపమని నేను అనను. అయితే బాగా తిరగగలిగినవారు కూడా సోఫాలోనే ఉండిపోవడం, 'లైవ్ వస్తోంది కదా' అని మంచం మీద ఉన్నవారిని చూడటానికి ఎవరూ వెళ్లకపోవడం, ఈ రెండూ మన చేతిలోని పనులు. యోహాను తన రెండవ పత్రిక ముగిస్తూ, మీకు రాయవలసినవి చాలా ఉన్నాయి గాని సిరాతో, కాగితంతో రాయడం ఇష్టం లేదు, వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఆశపడుతున్నాను అన్నాడు. మూడవ పత్రికలోనూ దాదాపు అదే మాట. అప్పటి సాధనాలను చక్కగా వాడుకున్నవాడే, వాటితో కాని పని ఏదో తెలిసి కలం పక్కన పెట్టాడు.

చివరగా మన నగరానికే కుదిరే ఒక సూచన. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే యువతీయువకులు లేని సంఘం హైదరాబాదులో అరుదు. ఈ యాప్‌లు ఎలా తయారవుతాయో, మోత మోగించి మనల్ని ఎలా పిలుస్తాయో వారికి తెలుసు. సంఘం వారిని ఎక్కువగా ప్రొజెక్టర్ సరిచేయడానికే పిలుస్తుంది. బదులుగా ఆరాధన అయ్యాక పెద్దవారి పక్కన కూర్చోమనండి. వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టడం, ఒక ఫొటో పాతదో కొత్తదో గూగుల్‌లో వెతికి చూడటం, 1930 నంబరును సేవ్ చేయడం, రెండు బాణాల గుర్తు చూపించడం. తాతయ్య అడిగిందే మళ్లీ అడుగుతారు, విసుక్కోకూడదు. దీనికి కమిటీ తీర్మానం అక్కర్లేదు. చెట్టు కింద ఒక బల్ల, రెండు కుర్చీలు వేస్తే వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.

సెలవు.